అక్క పేరు ముందర మాట

అనంతపురం,
శుక్రవారం, నమాజు అయ్యాక

అక్క హుస్సేనమ్మకు తమ్ముడు దస్తగిరి సలాం చేసి రాస్తున్న జాబు.

ఇక్కడ నా ఒళ్లు బాగానే ఉంది, పైవాడి దయ. అక్కడ నీ మోకాలు ఎలా ఉంది? నేను ఇచ్చి వచ్చిన నూనె రాస్తున్నావా, లేక సీసా గూట్లో పెట్టి మరిచిపోయావా? నల్లమేక ఈనిందా? ఈనితే పిల్లలు ఎన్ని? మన వైపు ఒక పదునైనా వాన పడిందా? నల్లమాడ నుంచి వచ్చిన లారీ అతన్ని అడిగితే శనగ చేలు ఆకు ముడుచుకున్నాయని చెప్పాడు. ఇక్కడా అంతే. మబ్బు వస్తుంది, గాలి దాన్ని తోసుకుపోతుంది. రోజంతా ఎర్రదుమ్ము. అన్నం తినేటప్పుడు పళ్ల కింద కరకర.

ఈ జాబు కోపంతో రాస్తున్నాను. ముందే చెప్తున్నాను. కోపం నీ మీద కాదు. భయపడొద్దు, నన్ను పనిలోంచి తీసేయలేదు, ఎవరితోనూ కొట్లాడలేదు. కొట్లాడినట్టే అయింది కానీ కొట్లాడలేదు. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. నువ్వు ఆ ఆ అంటావు, నేను ఆ ఆ అంటాను, పెట్టేస్తాం. ఈ సంగతి అలా చెప్పేది కాదు.

నా పని పాతదే. ఈ సంస్థ వాళ్ల గెస్ట్ హౌసులో మంచాలన్నిటికీ స్పంజి పరుపులు ఉండేవి. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు ఈ ఎండకు వాటి మీద పడుకోలేక దూది పరుపులు కావాలన్నారట. చూడు అక్కా, మన ఊళ్లో స్పంజి వచ్చి నా పని తీసింది, ఇక్కడ స్పంజి మీద పడుకున్నవాళ్లు నన్ను పిలిపించారు. రోజుకు ఒక పరుపు. గోడౌనులో పడేసి ఉన్న పాత పరుపుల దూది విప్పి ఎండకు వేస్తాను. గాలికి ఎగిరిపోకుండా పైన పాత చీర కప్పుతాను. ఏకడానికి మిషను ఉంది. కుట్టడం మాత్రం చేత్తోనే. చిలమత్తూరు నుంచి నా కూతురు మాబున్ని వస్తే నా దబ్బనాల డబ్బా దానికి ఇచ్చి పంపు. ఇక్కడి దబ్బనాలు వంగిపోతున్నాయి.

తిండికి లోటు లేదు. వంట చేసేది ఓబులేసు, కళ్యాణదుర్గం మనిషి. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు, వచ్చేపోయేవాళ్ల భాష కొంచెం పట్టుబడింది. బయటి దేశాలవాళ్లకు కారం లేకుండా వేరే వండుతాడు, మాకు సంకటి, ఊరుబిండి పచ్చడి. సంకటి పలుచన. ముద్ద నిలబడదు. నేనేమీ అనలేదు. గోడౌను పక్కన నాకో గది ఇచ్చారు, ఫ్యాను ఉంది. మాట్లాడే అవసరం లేదు. మొదటి నెల అది నాకు సుఖంగానే ఉంది. తర్వాత ఒకరోజు దూదితో మాట్లాడుతూ ఓబులేసు కంటబడ్డాను. ‘‘ఏమప్పా, దూది ఏమంటాంది?’’ అన్నాడు. అప్పటినుంచి రోజూ అదే అడుగుతాడు. నేను బాగానే ఉన్నాను, నువ్వు దిగులు పడొద్దు.

ఇక అసలు సంగతి.

రెండు నెలలుగా ఇక్కడ స్పెయిన్ దేశం వాళ్లు పదిమంది ఉంటున్నారు. తెల్లతోలు కనబడితే మనం ఇంగ్లీషోళ్లు అంటాం. కాదు. వాళ్ల భాష స్పానిష్. ఇంగ్లీషు వాళ్లకూ పరాయిదే. కానీ ఇక్కడి ఆసుపత్రిలో, బడుల్లో పని చేయాలంటే ఇంగ్లీషు కావాలి. అందుకని సాయంత్రాలు సరళమ్మ టీచరు వచ్చి కానుగ చెట్టు కింద వాళ్లకు పాఠం చెప్తుంది. ఆమె ధర్మవరం మనిషి, పట్టుమగ్గాల ఇంట్లో పుట్టి ఇంగ్లీషు టీచరు అయింది, రిటైరైంది. ఆసుపత్రి ఆయమ్మలు ఇద్దరు కూడా నేర్చుకుంటామని కూర్చుంటారు. వాళ్ల కోసం ప్రతి మాటా తెలుగులో మళ్లీ చెప్తుంది. అదే నీడలో నేను పరుపు కుడతాను. చెవులు మూసుకోలేను కదా.

పోయిన నెలంతా ఒకటే పాఠం. గుణం చెప్పే మాటలు. నల్ల, తెల్ల, పెద్ద, చిన్న, మంచి, చెడ్డ. ఐదో తరగతిలో మన అయ్యవారు విశేషణం అని చెప్పి, నేను నోరు తెరవలేదని బెత్తంతో కొట్టింది ఈ మాటకే. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపించింది.

వాళ్ల భాషలో మొదట వస్తువు చెప్తారట, తర్వాత దాని గుణం. తెల్ల ఇళ్లు పది ఉంటే తెల్ల అనే మాటకు కూడా తోక తగిలిస్తారు. మగవాడికి ఒకలా, ఆడదానికి ఒకలా మార్చుతారు. మనుషులకే కాదు, వస్తువులకూ ఆడా మగా ఉంది. పరుపు మగవాడట, దిండు ఆడదట. అందుకని పెద్ద పరుపు అన్నా పాత దిండు అన్నా ఎదుట ఉన్నది ఆడో మగో చూసుకుని మాట మార్చాలి. ఇంగ్లీషులో ఆ బాధ లేదు. గుణం ముందర, వస్తువు వెనక. ఒకటైనా పది అయినా, ఆడైనా మగైనా, ఆ మాట మారదు. మన లెక్కే. తెల్ల ఆవు, తెల్ల ఆవులు, తెల్ల గోడ. మనం ఆవులు అంటాం కానీ తెల్లలు ఆవులు అనం కదా.

వాళ్లకు మాత్రం నోరు తిరగలేదు. పిలార్ అని ఒకామె ఉంది, మేం పిలారమ్మ అంటాం. యాభై ఏళ్లుంటాయి, వాళ్ల దేశంలో పసిబిడ్డల ఆసుపత్రిలో నర్సు. ఆమె ప్రతిసారీ ‘‘హౌసెస్ వైట్స్’’ అంటుంది. టీచరమ్మ వైట్ ముందుకు రావాలి, దానికి తోక వద్దు అంటుంది. మరుసటి రోజు మళ్లీ అదే. ఇంకో తప్పు కూడా చేస్తారు. రెండు దిండ్లు చూపించి ఏది కావాలంటే ‘‘ద రెడ్’’ అని ఆపేస్తారు. వాళ్ల భాషలో అంతే చాలట. ఇంగ్లీషులో అలా ఆపితే కుదరదు, రెడ్ వన్ అనాలి. అది కూడా మనదే కదా. ఎర్ర అని ఊరుకుంటామా? ఎర్రది అంటాం. ఇది నాకు మొదటి రోజే పట్టుబడింది. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పాఠంలో విసుగొచ్చి పిలారమ్మ ‘‘ఐ యామ్ బోరింగ్’’ అంది. ఓబులేసు వంటింటి గడప మీదనుంచి, ‘‘బోరింగ్ అంటాండాది, నీళ్లు ఎన్ని అడుగులకు పడినాయో అడుగమ్మా’’ అన్నాడు. ఆయమ్మలు పడీపడీ నవ్వారు. టీచరమ్మ నవ్వకుండా చెప్పింది. విసుగు పుట్టిన మనిషికి ఒక మాట, విసుగు పుట్టించే మనిషికి ఇంకో మాట. ఆమె బోర్డ్, పాఠం బోరింగ్. రెండూ కలిపితే మనల్ని మనమే తిట్టుకున్నట్టు అవుతుంది. నేనూ నవ్వాను అక్కా. అప్పుడు కోపం లేదు.

తర్వాత ఒకటికంటే ఎక్కువ గుణాలు చెప్పాలంటే వరుస ఉంటుందని చెప్పింది. నేను కుడుతున్న పరుపు చూపించి నల్లబల్ల మీద రాసింది. నైస్ బిగ్ ఓల్డ్ రెడ్ కాటన్ మ్యాట్రెస్. మొదట బాగుందా బాగాలేదా, తర్వాత ఎంత పెద్దది, తర్వాత ఎంత పాతది, తర్వాత రంగు, అందరికంటే చివర అది దేనితో చేసింది. ఈ వరుస తప్పితే ఇంగ్లీషువాళ్ల చెవికి తేడా కొడుతుందట. నాకు నచ్చలేదు. పరుపు మంచిదో కాదో చెప్పాలంటే ముందు కుట్టు విప్పాలి, చెయ్యి పెట్టి దూది చూడాలి. గింజ ఉందా, తడి ఉందా, పాత చీరల పీలికలు కూరారా. అది చూడకుండా నైస్ ఎలా అంటారు? అన్నీ చూశాక చివరగా చెప్పాల్సిన మాట ముందర చెప్పేసి, చూడాల్సింది చివరికి నెట్టారు. అయినా వాళ్ల భాష వాళ్ల ఇష్టం. నా దబ్బనం నాది అనుకున్నాను.

పోయిన వారం టీచరమ్మ వాళ్లకు ఒక పని పెట్టింది. ఒక్కొక్కరూ ఈ ప్రాంతంలో తాము తీసిన ఫొటో ఒకటి గుడ్డముక్క మీద అచ్చు వేయించాలి. దాని కింద మూడు గుణాలు రంగుతో రాయాలి. ఆ ముక్కలన్నీ నేను కలిపి బొంతలా కుట్టాలి. వాళ్లు దాన్ని దేశానికి తీసుకుపోయి పెద్ద హాల్లో గోడకు వేలాడదీస్తారు. ఈ సంస్థకు సాయం చేసేవాళ్లంతా అక్కడికి వచ్చి చూస్తారు.

పోయిన నెల పిలారమ్మ ఆసుపత్రి జీపులో మన ఊరికి వచ్చింది, గుర్తుందా? మల్లేశ్వరి బిడ్డకు నువ్వు నీళ్లు పోసే వేళకు. ఆమె తెచ్చిన ముక్క మీద నువ్వే ఉన్నావు. బండ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నావు. బిడ్డను అప్పుడే ఎత్తుకుపోయినట్టున్నారు, ఒళ్లో తడిగుడ్డ మాత్రం ఉంది. చేతులు తడి. ఎండకు కళ్లు చిట్లించి చూస్తున్నావు. ముఖం అంతా నువ్వే అక్కా. నేను చాలాసేపు చూశాను. ఆమె ఓబులేసును వెంటబెట్టుకుని వచ్చి ఈమె ఎవరని అడిగింది. మా అక్క అన్నాను. పేరు అడిగింది. చెప్పాను.

కింద ఏం రాశారో నాకు తెలియదు. ఇంగ్లీషు వింటే కొంచెం తెలుస్తుంది కానీ చదవడం రాదు. నిన్ను బొంతకు నట్టనడుమ పెట్టాను. మేకల ఫొటోలు, ఎండిన చెరువు, బడిపిల్లలు, అన్నీ నీ చుట్టూ. మిగతావి మామూలు టాకా వేసి నీ ముక్కకు మాత్రం నాలుగు వైపులా రెండు వరుసలు కుట్టాను. నా చేత్తో నేనే కుట్టాను. అది తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

మొన్న బుధవారం సాయంత్రం బొంతను చాప మీద పరిచారు. టీచరమ్మ ఒక్కో ముక్క చదువుతూ తప్పులు దిద్దుతోంది, వాళ్లు నవ్వుకుంటున్నారు. నీ ముక్క దగ్గరికి వచ్చింది. పిలారమ్మ ‘‘ఓల్డ్ పూర్ చైల్డ్‌లెస్ ఉమన్’’ అని రాసింది. టీచరమ్మ, ఓల్డ్ కంటే పూర్ ముందు రావాలి, మన అభిప్రాయం ముందు అని చెప్పింది. వరుస దిద్దింది, అంతే. పక్క ముక్కకు పోబోతుంటే ఆయమ్మల్లో ఒకామె అర్థం అడిగింది. టీచరమ్మ తెలుగులో చెప్పింది. పాపం, ముసలి, బిడ్డలు లేని ఆడమనిషి అని.

నేను లేచి నిలబడ్డాను. ఈ నాలుగు నెలల్లో అంతమందిలో నేను నోరు తెరవడం అదే మొదలు.

‘‘ఎవురమ్మా బిడ్డల్లేనిది?’’ అన్నాను.

టీచరమ్మ ఆ ముక్క వైపు చెయ్యి చూపింది. ‘‘ఈయమ్మ, దస్తగిరన్నా.’’

‘‘ఈయమ్మ మా అక్క.’’

ఆమెకు తెలియదట. ముఖం పాలిపోయింది. నేను ఆగలేదు. పాపం అని ఎందుకు రాశారు, మా అక్క ఎవరి గడప ముందరైనా చెయ్యి చాపిందా అన్నాను. ఒక్కపూట చూసిన మనిషి పాపం అని ఎలా రాస్తుంది, ఫొటో తీసేముందు సలాం అయినా చెప్పిందా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. పిలారమ్మకు భాష తెలియదు, కానీ కోపం తెలిసింది. టీచరమ్మను, ఓబులేసును మార్చి మార్చి చూస్తోంది.

‘‘బిడ్డల్లేనిదని ఆమెకు ఎవురు చెప్పినారు?’’ అని అరిచాను.

ఓబులేసు గిన్నె తుడుస్తూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చిన్నగా, నాకు మాత్రమే వినిపించేటట్టు చెప్పాడు.

‘‘నువ్వే చెప్తివి కదప్పా. పేరు అడిగితే గొడ్డు హుస్సేనమ్మ అంటివి. గొడ్డు అంటే ఏమని పిలారమ్మ నన్ను అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పినా.’’

నిజమే అక్కా. నేనే చెప్పాను.

మన ఊళ్లో హుస్సేనమ్మలు ముగ్గురు. పొట్టి హుస్సేనమ్మ, అంగడి హుస్సేనమ్మ, నువ్వు. ఏ హుస్సేనమ్మ అని ఎవరు అడిగినా ఊరంతా ఒకటే చెప్తుంది. చౌకదుకాణంలో అదే, పింఛను ఇచ్చేచోట అదే, పీర్లు లేచేరోజు చదివింపుల్లో అదే. వినీ వినీ అది నాకు మాట కాకుండా పోయింది. ఇంటిపేరులాగా నోట్లోంచి వచ్చేసింది. నీ ముఖం చేతిలో పట్టుకుని, తడిచేతులు చూస్తూ, నా నోటితో చెప్పాను. చెప్పినప్పుడు నాకేమీ అనిపించలేదు. పరాయి భాషలో రంగుతో రాసి, మళ్లీ తెలుగులో చెప్తే గానీ అది ఏం మాటో నాకు వినబడలేదు.

ఇక్కడ ఈ జాబు చదివి వినిపించే మల్లేశ్వరికి ఒక మాట. అమ్మా, ఆ మాట వచ్చినచోట నువ్వు గొంతు తగ్గించి ఉంటావు, లేదా మింగేసి ఉంటావు. వెనక్కి పోయి మళ్లీ చదువు. గట్టిగా చదువు. మీ అత్త వాకిట్లో ఉంటే ఆమెకూ వినబడాలి. మీ ఇంటి బిడ్డ పుట్టిన పదకొండో రోజు నుంచి రోజూ నీళ్లు పోసింది ఎవరు? తలకు ఆముదం అంటి, ముక్కు తీర్చి, సాంబ్రాణి పట్టింది ఎవరు? ఆ బిడ్డను తొట్లో వేసిన రోజు మా అక్కను ఎక్కడ కూర్చోబెట్టారు? పిలవలేదు కదా. బిడ్డలు లేనిది తొట్టి ముట్టుకోకూడదని మీ అత్త అంది కదా. నువ్వు మంచిదానివే, ఇన్ని జాబులు చదివి పెట్టావు. నిన్ను అనడం లేదు. నిన్ను కూడా అంటున్నాను.

నేనేం తక్కువ కాదు. మాబున్నిని తొట్లో వేసిన రోజు చెప్తాను, నువ్వు మరిచిపోయినట్టు నటిస్తావు కానీ నీకు గుర్తుంది. ఆ రోజు పొద్దున కూడా బిడ్డకు నీళ్లు పోసింది నువ్వే. తొట్టికి పాత చీర దోపింది నువ్వే. చుట్టాలు వచ్చారు. మా అత్త నా చెవిలో చెప్పింది, మీ అక్కను కాసేపు పక్కకు ఉండమను అని. నేను నీతో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. నువ్వు నా ముఖం చూశావు. మేకలకు ఆకు కోసుకొస్తానని కొడవలి తీసుకుని వెళ్లిపోయావు. సాయంత్రం పండగ అయ్యాక వచ్చావు. ఆ ఎండలో, ఆకు యాడ దొరికిందని కూడా నేను అడగలేదు.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. అదే ఏడు నీ మొగుడు నిన్ను మన ఇంటికి తోలేశాడు. ఆ నాటినుంచి నాకు అన్నం పెట్టింది నువ్వు. జ్వరం వస్తే నల్లమాడ దాకా వీపున మోసింది నువ్వు. నాయన దూది ఏకే విల్లు పట్టుకోవడం నేర్పితే, దబ్బనం పట్టుకోవడం నేర్పింది నువ్వు. నా పెళ్లి చేసింది నువ్వు, నా పెళ్లాం పోతే నా కూతుర్ని పెంచింది నువ్వు. నన్ను బిడ్డగా పెంచినదాన్ని పట్టుకుని నేను, నా నోటితో, ఆ మాట అన్నాను. పిలారమ్మ ఏం తప్పు చేసింది? చెప్పింది రాసుకుంది. పాపం అనేది ఒక్కటే ఆమె సొంతం. మిగతాది మనది.

ఆ సాయంత్రం అందరూ అక్కడే నిలబడి ఉండగా నేను బొంత ముందర కూర్చున్నాను. కత్తెర తీసుకున్నాను. రెండు వరుసల కుట్టు కదా, విప్పడానికి చాలాసేపు పట్టింది. గుడ్డ చిరగకుండా ఒక్కో పోగూ తీశాను. ఎవరూ ఆపలేదు. పిలారమ్మ వచ్చి నా ఎదురుగా మట్టిలోనే కూర్చుంది. బొంత కదలకుండా అంచు పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. నాకు ఆమె ఏడుపు అక్కర్లేదు అనిపించింది, కానీ అంచు పట్టుకుంటే పని తొందరగా అయింది.

తర్వాత ఆమె టీచరమ్మతో ఏదో చెప్పింది. ఆ రాత కత్తిరించేసి కింద కొత్త గుడ్డ అతికించి మంచి మాటలు రాస్తుందట. స్ట్రాంగ్ అని, బ్రేవ్ అని. అంటే గట్టి మనిషి, ధైర్యం ఉన్న మనిషి. టీచరమ్మ నా వైపు ఆశగా చూసింది. నాకు ఇంకా మండింది.

‘‘వద్దమ్మా,’’ అన్నాను. ‘‘చెడ్డ మాటా మీరే పెట్టి, మంచి మాటా మీరే పెడితే, ఇంక మా అక్క యాడ ఉండాది?’’

టీచరమ్మ నా పక్కన చాప మీద కూర్చుంది. తర్వాత, ‘‘మరి ఏం రాయమంటావన్నా?’’ అంది.

ఉత్త పేరు రాయొచ్చు కదా అన్నాను. రాయొచ్చు అంది. ఇది గుణాల పాఠం, అయినా రాయొచ్చు అంది. మంచి మనిషే ఆమె. నిన్న మళ్లీ వచ్చి, పాఠం చెప్పే తొందరలో నేను ఆ మాటలు చదివానే గానీ చూడలేదు దస్తగిరన్నా అని చెప్పింది. నేను తల ఊపాను. నాకూ అంతే అయిందని చెప్పాలనుకుని, దబ్బనంలో దారం ఎక్కించుకున్నాను.

ఉత్త పేరు అన్నాను కానీ రాత్రికి అది కూడా తప్పు అనిపించింది. మళ్లీ నేనే కదా తేల్చేశాను. నిన్ను ఎవరు అడిగారు? ఫొటో తీసేముందు అడగలేదు, నడుమ పెట్టి కుట్టేముందు అడగలేదు, విప్పేముందు అడగలేదు.

నీ ముక్క ఇప్పుడు నా దగ్గరే ఉంది. కింద ఉన్న రాత కత్తిరించేశాను. నీ ముఖం, చేతులు, బండ మిగిలాయి. దిండు కింద పెట్టుకోలేదు, గోడకు కొట్టలేదు, గుడ్డలో చుట్టి పెట్టాను. బొంతకు నడుమ కన్నం ఉంది. వచ్చే శుక్రవారం పొద్దున వాళ్లు వెళ్లిపోతారు. నేను చెప్పేదాకా ఆ కన్నం పూడ్చొద్దని టీచరమ్మ వాళ్లకు చెప్పింది. పిలారమ్మ నిన్నా ఈరోజూ వచ్చి ఏమైంది అన్నట్టు చెయ్యి తిప్పి అడుగుతోంది. మా అక్కను అడగాలి అని చెప్పించాను.

కాబట్టి అడుగుతున్నాను. నీ ముఖం ఆ దేశం పోవడం నీకు ఇష్టమా కాదా? ఇష్టం లేకపోతే ఆ కన్నంలో ఎర్రగుడ్డ వేసి కుట్టేస్తాను, ఎవరు ఏమన్నా సరే. ఇష్టమైతే కింద ఏం రాయాలి? ఉత్త హుస్సేనమ్మ చాలా? నాయన పేరు కలపాలా? మన ఊరి పేరు కావాలా? పేరు ముందర ఏదైనా మాట పెట్టుకోవాలని ఉంటే పెట్టుకో. అది మంచిది కాకపోయినా సరే, తిట్టు అయినా సరే, నాకు నచ్చకపోయినా సరే, నువ్వు చెప్పిందే రాయిస్తాను. మల్లేశ్వరి ఫోను నుంచి గురువారం లోపల చెప్పించు. నేను ఎత్తుతాను. ఈసారి ఆ ఆ అనను, వింటాను.

నన్ను క్షమించమని రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. కాగితం మీద ఆ గీతలు నీకు కనబడతాయి. మనిషి ఎదురుగా చెప్పాల్సిన మాట అది. వచ్చినప్పుడు చెప్తాను.

మోకాలికి నూనె రాయి. మేక సంగతి చెప్పు. నేను బాగానే ఉన్నాను, తిండి తింటున్నాను, నిజంగానే తింటున్నాను. ఖాజా మామకు, పెద్దలందరికీ నా సలాం. మాబున్నికి, దాని పిల్లలకు దువా. మల్లేశ్వరి బిడ్డకు కూడా దువా, ఆ బిడ్డ నీ చేతి నీళ్లతో చల్లగా పెరగాలి. ఇంకెవరైనా నా గురించి అడిగితే అడిగారని నాకు చెప్పు. నిన్ను ఆ మాటతో పిలిస్తే మాత్రం పలకొద్దు. పక్కింట్లో నిప్పు అంటుకుని పిలిచినా పలకొద్దు. పేరుతో పిలిచేదాకా కూర్చో.

నీ దువా నా మీద ఉండాలని కోరుతూ,

నువ్వు పెంచినవాడు,
దస్తగిరి